రాతిదుమ్ము వ్యాసానికి పత్రిక వెతుకుతూ

నంద్యాల వెళ్లొచ్చానంటే మా గుంటూరులో అందరూ ఒకటే అడుగుతున్నారు, మహానందిలో స్నానం చేశారా అని. చేయలేదు. ఆళ్లగడ్డ దాకా వెళ్లి అహోబిలం ఎక్కలేదా అని మా వదినగారైతే నన్ను ఎగాదిగా చూసింది. ఎక్కలేదు. మరి అంత ఎండలో ఏం వెలగబెట్టి వచ్చారయ్యా అంటే, వైద్య పత్రికల్లో ఏది మంచిదో తేల్చడానికి వెళ్లానని చెప్పాలి. చెబితే నవ్వుతారు. తేలిందా అని అడిగితే నేను నీళ్లు నములుతాను. అందుకే నోటితో చెప్పడం మానేసి రాసిపెడుతున్నాను.

నేనొక ప్రైవేటు మెడికల్ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యాను. డాక్టర్లు తమ పరిశోధనల గురించి వ్యాసాలు రాస్తే అవి అచ్చయ్యే పత్రికలు వేరే ఉంటాయి, జర్నల్స్ అంటారు. వాటిలో ఏది గొప్పది, ఏది బోగస్సు అని అడగడానికి పిల్లలు నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేనూ పెద్ద పండితుడిలా కళ్లజోడు సర్దుకుని చెప్పేవాణ్ణి. ఆ పిల్లల్లో ఒకమ్మాయి గ్రేస్. ఇప్పుడు నంద్యాలలో ఊపిరితిత్తుల డాక్టరు, ఒక కాలేజీలో పాఠాలు కూడా చెబుతుంది. వేసవిలో ఒకరోజు ఫోన్ చేసింది.

"సర్, ఆళ్లగడ్డ శిల్పుల మీద వ్యాసం రాసినా. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని దగ్గు వస్తాంటే, టీబీ అనుకొని ఏండ్ల తరబడి మాత్రలు మింగిస్తాండారు. ఈ సంగతి డాక్టర్లకు తెలియల్ల. యాడ అచ్చేయించాలో మీరే చెప్పల్ల."

చిన్న ప్రశ్నలా ఉంది కదా. కాదు. ఒకే వ్యాసాన్ని రెండు పత్రికల్లో అచ్చేయించకూడదు, మా లోకంలో అది దొంగతనం కింద లెక్క. ఎంచుకునేది ఒక్కసారే. పైగా గ్రేస్‌కి ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గర పడింది, మంచి మార్కులున్న పత్రికలో వ్యాసం లేకపోతే ఆ ప్రమోషన్ రాదు. ఇటు తన ఉద్యోగం, అటు ఆ శిల్పుల ఊపిరి. ఫోన్లో తేలదు, మీరే వచ్చి మనుషుల్ని చూసి చెప్పండి అంది. పత్రికల పేర్లూ వాటి మార్కులూ పట్టికలా వేసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని రైలెక్కాను.

రైల్లో బనగానపల్లె పెద్దాయన

గిద్దలూరు దాటాక రైలు నల్లమల అడవిలోకి దూరుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా కేక వేస్తారు, వెలుతురు రాగానే ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. నా ఎదుటి సీట్లో బనగానపల్లె మామిడి వ్యాపారి ఒకాయన ఉన్నాడు. గుంటూరులో కాయ అమ్మేసి తిరిగి వెళ్తున్నాడు. మా వైపు రైల్లో ఎవరైనా మాట కలపాలంటే ముందు ఎండ గురించో కరెంటు గురించో మొదలుపెడతారు. ఈయన నేరుగా, "ఏం పనిమీద పోతాండావప్పా?" అని అడిగాడు. చెప్పాను.

"పత్రికలకు మార్కులా? ఎవరేస్తారు?"

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఏమిటో చెప్పాను. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాల్ని ఈ ఏడాది ఇతరులు తమ వ్యాసాల్లో సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారో, అదే ఆ పత్రికకు పడే మార్కు.

"అంటే రాసేటోళ్లు రాసేటోళ్లకే ఏసుకుంటారా? మరి ఊరికే సదివేటోళ్లు?"

"చదివి ఊరుకున్నవాళ్లు లెక్కలోకి రారండీ."

"అదేం లెక్కప్పా," అన్నాడాయన. నేను ఊరుకోకుండా, అందుకే ఇంకో లెక్క ఉందని చెప్పి హెచ్-ఇండెక్స్ మొదలుపెట్టాను. కనీసం ముప్పైసార్లు ప్రస్తావనకు వచ్చిన వ్యాసాలు ఒక పత్రికలో ముప్పై ఉంటే దాని మార్కు ముప్పై. ఈ వాక్యం పూర్తయ్యేసరికి ఆయన నిద్రపోయాడు. నంద్యాల దగ్గర పడ్డాక లేచి, మర్యాదకి సంచిలోంచి ఒక కాయ తీసి కోసిచ్చాడు. బాగా మాగిందని ఒట్టు పెట్టాడు కానీ నోట్లో పెడితే పళ్లు పులిసిపోయాయి. రసం కారి నా పట్టిక మీద పడింది. రెండు పత్రికల మార్కులు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. చూసి ఆయనే ముందు నవ్వాడు, "ఇప్పుడు రెండూ ఒకటే అయినాయిలే" అని.

నంద్యాల: ఉగ్గాని, బజ్జీ

మా ఊళ్లో మరమరాలంటే సాయంత్రం పిల్లలకు పొట్లం కట్టిచ్చే చిరుతిండి. నంద్యాలలో అవి బొరుగులు, పొద్దున్నే పెద్దవాళ్ల టిఫిను. బొరుగుల్ని నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో వేసి పైన పప్పుల పొడి చల్లుతారు. అది ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ఎవరూ తినరు. రెండూ కలిపి నలభై రూపాయలు. గుంటూరువాణ్ణి, కారం నాకేం లెక్క అనుకుని బజ్జీ నిలువుగా కొరికాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. హోటలాయన మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరుపుతూ యాడ నుంచి వచ్చినావని అడిగాడు. విజయవాడ అని అబద్ధం చెప్పాను.

గ్రేస్ వాళ్ల నాన్న రిటైరైన లెక్కల మాష్టారు. చర్చిలో పెద్ద. భోజనానికి కూర్చోగానే అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. నేనప్పటికే ఒక ముద్ద నోట్లో పెట్టేసుకున్నాను, నమలాలో ఆపాలో తెలియక బుగ్గన పెట్టుకుని ఉండిపోయాను. జొన్నరొట్టె, వంకాయ కూర, చెనక్కాయల చట్నీ. మా వైపు వేరుశనగ పచ్చడి ఇడ్లీలోకి నీళ్లగా చేస్తారు. ఇక్కడ గట్టిగా, రొట్టె మీద ముద్దలా పెట్టారు. మాష్టారు నా పళ్లెంలో ఇంకో రొట్టె వేస్తూ అసలు విషయానికి వచ్చారు.

"మా పాపకు ప్రమోషన్ రావల్ల సార్. ఫస్టు ర్యాంకు పత్రిక యాదో చెప్పండి, దానికే పంపిద్దాం."

మామిడి రసం అంటిన పట్టిక విప్పాను. మూడు పత్రికలు మిగిలాయి. ఒకటి విదేశీ పత్రిక. ఇంకొకటి మన దేశంలో ఛాతీ వైద్యులు నడిపేది. మూడోది డాక్టర్ల సంఘం నెలనెలా సభ్యులందరికీ పోస్టులో పంపేది, దానికి ఏ మార్కూ లేదు, ఏ జాబితాలోనూ చేరలేదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూస్తే విదేశీది పైన ఉంది. రెండేళ్లకు బదులు నాలుగేళ్లు తీసుకునే లెక్కలో మనది దాని దగ్గరికి వచ్చేసింది. హెచ్-ఇండెక్స్‌లో మనదే పైన, ఎందుకంటే అది పాత పత్రిక, వయసుతోపాటు ఆ మార్కు పెరుగుతుంది. గొప్ప పత్రిక ప్రస్తావిస్తే ఎక్కువ బరువు, చిన్నది ప్రస్తావిస్తే తక్కువ బరువు వేసే లెక్క ఇంకొకటుంది. అందులో మళ్లీ విదేశీది. చెబుతున్నకొద్దీ నాకే అయోమయంగా ఉంది. అప్పటికీ క్వార్టైల్ గురించి చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను. ఒక శాఖలోని పత్రికలన్నిటినీ నాలుగు భాగాలు చేస్తారు. ఈ విదేశీ పత్రిక వృత్తి వ్యాధుల శాఖలో మొదటి భాగంలో ఉంది, ఛాతీ శాఖలో మూడో భాగంలో ఉంది.

"ఒకే పిల్లోడు ఒక క్లాసులో ఫస్టు, ఇంగో క్లాసులో అడుగునా?" అన్నారు మాష్టారు.

"రెండు క్లాసుల్లోనూ పేరు రాయించుకున్నాడండీ."

"టీసీ ఇచ్చి పంపేయల్ల అట్లాంటోన్ని," అని ఆయన తన ఫోన్ తీశారు. గ్రేస్‌కి వచ్చిన ఈమెయిల్ ఒకటి దాచి ఉంచారట. ఏదో పేరు తెలియని పత్రిక. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మా మూడింటికంటే చాలా ఎక్కువ, వారంలో అచ్చు, ఫీజు కడితే చాలు. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆ మార్కు బోగస్సని, అలాంటి అంకెలు డబ్బు తీసుకుని వేసిచ్చేవాళ్లు ఉంటారని చెప్పడానికి నాకు మనసు రాలేదు, కానీ చెప్పాను. ఆయన రొట్టె తుంచడం ఆపేశారు.

"మార్కుల్లో గూడా దొంగ మార్కులా? మరి నిజమైందేదో ఎట్ల తెలుసుకునేది?"

అప్పటిదాకా మాట్లాడని గ్రేస్ నా చేతిలోంచి కాగితం లాక్కుంది. "సర్, ఇన్ని గళ్లు గీసినారు. ఇందులో ఆళ్లగడ్డకు వచ్చేదేదో చెప్పే గడి ఒక్కటన్నా ఉందా? పొద్దున ఆడికే పోదాం. మీరు చూడండి." ఆ పిల్ల గొంతులో విసుగు ఉంది. నాకు కోపం రావాలి, రాలేదు.

ఆళ్లగడ్డ: దేవుళ్లు పడుకున్న రోడ్డు

ఆళ్లగడ్డ బస్టాండులో దిగగానే ఆటోవాళ్లు చుట్టూ మూగారు. "అహోబిలమా సామీ?" కాదన్నాను. నమ్మలేదు. "పైదా, కిందిదా?" అక్కడ ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం అని రెండున్నాయి. రెండూ కాదంటే జాలిగా చూసి దారి వదిలారు.

మాకు దేవుడంటే గర్భగుడిలో దీపం వెలుగులో నిలబడి కనిపించేవాడే. ఇక్కడ రోడ్డు పక్కనే దేవుళ్లు పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. నడుము దాకా పూర్తయిన సుబ్రహ్మణ్యస్వామి, ముక్కు మొలవని ఆంజనేయుడు, లారీ టైరుకి ఆనుకుని వెంకటేశ్వరస్వామి. గ్రైండర్ మోత. గాల్లో తెల్లటి పొగలాంటి దుమ్ము. ఎండకి కాళ్లు పీకి, కనిపించిన రాయి మీద కూర్చున్నాను. తీరా చూస్తే అది నంది. గబుక్కున లేచి చెంపలేసుకున్నాను. అక్కడివాళ్లు నవ్వారు. "కూచోండి సామీ, ఇంగా దేవుడు కాలేదులే." గుప్పెడంత వినాయకుడు ఆరు వందలన్నారు. గుంటూరు అలవాటు కొద్దీ నాలుగు వందలన్నాను. దేవుని కాడ బేరమాడకూడదని నాకు నెమ్మదిగా చెప్పారు. ఆరు వందలూ ఇచ్చాను.

వీరాచారి ఆ వరసలో చివరి షెడ్డులో ఉన్నాడు. గ్రేస్ వ్యాసంలో మొదటి రోగి ఆయనే. ఆయన అనుమతితోనే, పేరు లేకుండా రాసింది. యాభై దాటి ఉండవు, చొక్కా మాత్రం ఇంకెవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది. లక్ష్మీదేవి కాలి అందె చెక్కుతున్నాడు. గ్రేస్ ఇచ్చిన మాస్కు గడ్డం కింద ఉంది. రాతి మీద ఎర్రరంగుతో సన్నటి గీత గీసి ఉంది. ఉలితో రెండు దెబ్బలు వేసి, ముఖం రాతికి దాదాపు ఆనించి, నోటితో ఉఫ్ మని ఊదాడు. దుమ్ము లేచి ఆయన ముఖం మీదికే వచ్చింది. మళ్లీ రెండు దెబ్బలు, మళ్లీ ఊదడం. ఊదిన ప్రతిసారీ తర్వాత పీల్చుకునేది ఆ దుమ్మునే.

"గుడ్డతో తుడవొచ్చు కదా?" అన్నాను.

"గుడ్డ పెడితే గీత పోతాది సామీ. ఊదితేనే కనపడేది. మా నాయన ఊదినాడు, నేనూ ఊదతాండా."

మాస్కు ఎందుకు దించుతున్నారో అప్పటికి అర్థమైంది. గ్రేస్ వ్యాసంలో ఈ ముక్క ఉంది. తను ముందే పంపిన ప్రతిని రైల్లో చదివాను, మంచి ఇంగ్లీషు అనుకున్నానే తప్ప నాకు కళ్లకు కట్టలేదు.

వీరాచారి దగ్గు తగ్గాక చెప్పాడు, టీబీ మాత్రలు మూడో దఫా మింగుతున్నాడట. కడుపులో తిప్పుతుంది, అన్నం సయించదు. గ్రేస్ కళ్లె పరీక్షలన్నీ మళ్లీ మళ్లీ చేయించి టీబీ లేదని తేల్చింది, అయినా మాత్రలు ఆపలేదు. ఎందుకయ్యా అంటే చేతులు జోడించాడు. "మేడం కాదంటాది. రెడ్డి సార్ ఔనంటాడు. మా నాయన కాలం నుంచి రెడ్డి సారే మాకు సూస్తాండేది. నేనెవరి మాట వినల్ల?"

రెడ్డి డాక్టరు ఆళ్లగడ్డలో పెద్ద పేరున్న ప్రైవేటు వైద్యుడు. ఊళ్లో అలాగే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. ఆయన దగ్గరికి నువ్వే వెళ్లి చెప్పొచ్చు కదమ్మా అన్నాను గ్రేస్‌తో. నా వైపు వింతగా చూసింది. "అంత పెద్దాయనకు మొగం మీద తప్పని ఎట్ల చెప్పేది సర్? డాక్టర్లు అట్ల చెప్పుకోరు. పత్రికలో వస్తే పేర్లుండవు, ఆయనే సదువుకొని మారతాడు. అందుకే కదా పత్రిక." అయితే ఆయన ఏ పత్రిక చదువుతాడో అది ఒక్కటీ అడిగి వద్దామన్నాను. అడిగితే తేలిపోతుందని నా ఆశ.

రెడ్డి డాక్టరు క్లినిక్కు

ఆయన మమ్మల్ని రోగుల మధ్యలోనే లోపలికి పిలిచి, మజ్జిగ తెప్పించాడు. వయసు డెబ్బై దరిదాపుల్లో ఉంటుంది. గ్రేస్‌ని ఏ ఊరు పిల్లవని అడిగి, మాష్టారి పేరు చెప్పగానే, "ఆయన కూతురివా" అని సంతోషించాడు. నేను లైబ్రేరియన్నని, డాక్టర్లు ఏ పత్రికలు చదువుతారో తెలుసుకుంటున్నానని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆయన కిటికీలో ఉన్న దొంతర చూపించాడు. డాక్టర్ల సంఘం పత్రికలు. కొన్నింటికి కవరు కూడా చింపలేదు.

"ఇదొకటే సదువుతా. భోంచేసి పండుకునేటప్పుడు."

"విదేశీ పత్రికలు?"

"ఒక్కో వ్యాసానికి దుడ్లు కట్టాలంట కదా. ఎవుడు కడతాడప్పా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. తేలిపోయింది. సంఘం పత్రికకే పంపాలి. గ్రేస్ ప్రమోషన్ సంగతి ఎలాగో తర్వాత చూసుకోవాలి. రూఢి చేసుకోవడానికి ఇంకొక్క ప్రశ్న అడిగాను, అదే నా కొంప ముంచింది. అందులో ఏదైనా కొత్త సంగతి వస్తే నమ్మి మీ వైద్యం మార్చుకుంటారా అన్నాను.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎట్ల నమ్ముతా? ఎడిటరు మా బ్యాచోడే. ఏది పంపినా అచ్చేస్తాడు. నమ్మాలంటే పెద్ద పత్రికలో రావల్ల."

నేను గ్రేస్ ముఖం చూశాను, గ్రేస్ నా ముఖం చూసింది. ఈయన చదివేదాన్ని నమ్మడు. నమ్మేదాన్ని చదవడు. నా పట్టికలో దీనికి గడి లేదు, ఏ దేశంలో ఎవరు గీసిన పట్టికలోనూ లేదు.

గ్రేస్ సంచిలోంచి టైపు చేసిన కాగితాలు తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "ఇది ఏ పత్రికలోనూ రాలేదు సార్. మార్కులేమీ లేవు. ఒకసారి సదవండి."

ఆయన ఆశ్చర్యంగా చూసి కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక రోగిని చూడటం, ఒక పేజీ తిప్పడం. మొదటి రోగి వివరాల దగ్గర ఆగాడు. శిల్పి, మూడుసార్లు టీబీ చికిత్స, కళ్లె పరీక్షలో ఒక్కసారీ ఏమీ లేదు. పైకీ కిందికీ రెండుసార్లు చదివాడు.

"వీడు మన వీరాచారి కదా."

"పేరు రాయలేదు సార్."

"పేరెందుకమ్మా. మూడు దఫాలు మాత్రలు రాసిన చెయ్యి నాదే కదా." తర్వాతి పేజీలో ఊదడం గురించి ఉంది. అది చదివి కళ్లజోడు తీసేశాడు. "మా ఇంట్లో లక్ష్మిని వాడే చెక్కినాడు. ఊది ఊది చెక్కినాడు. నేను ఎదురుగా కుర్చీ ఏసుకొని సూస్తా కూచున్నా."

బయట రోగులు దగ్గుతున్నారు. ఆయన కాగితాల మీద చెయ్యి అలాగే ఉంచి అడిగాడు. "దీన్ని యాడ అచ్చేస్తారు?"

"అదే తేలట్లేదండీ," అన్నాను.

"ఫారిన్ దానికి పంపమ్మా. ఎంత పెద్దదైతే అంత మంచిది." గొంతు తగ్గించాడు. "ఈడ ఎవురూ సూడరు."

నాకు తల తిరిగిపోయింది. ఏ పత్రికకైతే అన్నిటికంటే ఎక్కువ మార్కులున్నాయో, ఏది గ్రేస్‌కి ప్రమోషన్ తెస్తుందో, మాష్టారు ఏది కోరుకుంటున్నారో, అదే ఈయన తప్పును కప్పిపెట్టడానికి కూడా పనికొస్తుంది. నా తల నాకు తెలియకుండానే ఔనన్నట్టు ఊగింది. ఊగినందుకు వెంటనే సిగ్గేసింది.

గ్రేస్ మాత్రం తొట్రుపడలేదు. "పంపుతా సార్, దానికే పంపుతా. ఆడ అచ్చయ్యేసరికి ఎన్నాళ్లు పడతాదో తెలీదు. అందాకా వీరాచారి ఆ మాత్రలు మింగతానే ఉంటాడు. నేను చెప్తే వినడు. మీరు చెప్తేనే వింటాడు. సంఘం పత్రికలో మీ మాటగా మీరే ఒక పేజీ రాయండి. మిగతా డాక్టర్లు మిమ్మల్ని నమ్ముతారు."

రాస్తానని ఆయన అనలేదు. రాయనని కూడా అనలేదు. ఇప్పటికీ రాశాడో లేదో నాకు తెలియదు. కాంపౌండర్ని కేకేసి వీరాచారిని పిలుచుకు రమ్మన్నాడు.

వీరాచారి పని మధ్యలోంచి వచ్చాడు, మోచేతుల దాకా తెల్లటి దుమ్ము. మమ్మల్ని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. రెడ్డి డాక్టరు లేచి నిలబడ్డాడు. "వీరా, ఆ మాత్రలు ఇంగ వద్దు. నీది టీబీ కాదు. రాతిదుమ్ము. నేనే తప్పు చేసినా." డాక్టరు మిగతాది కూడా దాచలేదు. ఇది నయమయ్యే జబ్బు కాదని, లోపలికి పోయిన దుమ్ము బయటికి రాదని, ఇక ఊదడం మానాలని, గ్రైండర్ దరిదాపుల్లో ఉండకూడదని చెప్పాడు. ఆ మనిషి చేతిలోంచి పని లాగేసుకుంటున్నామని నాకు అనిపించింది.

వీరాచారి అదంతా విన్నాడో లేదో. "టీబీ కాదంటే, ఇది ఇంగొకరికి అంటుకోదా సార్?"

"అంటుకోదు."

"అయితే నా మనవరాల్ని ఎత్తుకోవచ్చునా?"

ఆ పాప పుట్టిన రోజే, దగ్గరికి పోవద్దని ఆయనకు చెప్పింది రెడ్డి డాక్టరే. పాపకిప్పుడు మాటలొస్తున్నాయట. డాక్టరు గ్రేస్ వైపు చూశాడు. ఆ మాట ఆయనే చెప్పాలని గ్రేస్ ఆగింది.

"ఎత్తుకోప్పా," అన్నాడు చివరికి.

వీరాచారి తన చేతుల వైపు చూసుకున్నాడు. కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడున్నాయని కాంపౌండర్ని అడిగాడు.